బతికి చెడ్డ ఊరు: డెట్రాయిట్ జ్ఞాపకాలు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ వీధుల పాత ఫోటోలు చూస్తే ముందు కంటికి ఆనేది కార్లు కాదు, చెట్లు. రోడ్డుకి రెండు పక్కలా వరసగా ఎల్మ్ చెట్లు, పైన వాటి కొమ్మలు ఒకదాన్నొకటి అందుకుని పెళ్ళిపందిరి వేసినట్టు ఉంటాయి. ఆ నీడలో చెక్క ఇళ్ళు, ఇటుక ఇళ్ళు, ప్రతి ఇంటికీ వీధి వైపు మన అరుగులాంటి వరండా. కార్ల ఊరని లోకమంతా పిలిచినా, అక్కడ పుట్టి పెరిగిన పాతకాలం వాళ్ళని కదిపితే ముందు చెప్పేది ఆ నీడ గురించే.

1950లలో ఆ ఊరికి డచ్ ఎల్మ్ తెగులు వచ్చింది. బెరడు కింద దూరే చిన్న పురుగు ఒక రకం బూజును మోసుకొస్తుంది. అది చెట్టు నీళ్ళు తాగే నాళాలను మూసేస్తుంది. దగ్గర దగ్గరగా నాటిన చెట్ల వేర్లు భూమిలో ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి కాబట్టి పురుగుతో పని లేకుండానే తెగులు వేర్ల గుండా పక్క చెట్టుకు పాకుతుంది. జబ్బు చెట్టును కొట్టేసి ఊరుకుంటే చాలదు, మధ్యలో కందకం తవ్వి వేర్లు తెంచాలి. చెట్లు చచ్చినంత వేగంగా మునిసిపాలిటీ మనుషులు తవ్వలేకపోయారు. తర్వాత చాలా వీధుల్లో వాటి బదులు యాష్ చెట్లు నాటారు. 2002లో యాష్‌ను తినే పచ్చ పురుగు ఉత్తర అమెరికాలో మొదటిసారి బయటపడింది కూడా ఆ ఊరి చుట్టుపక్కలే. రెండోసారీ పందిరి పోయింది. వీధంతా ఒకే చెట్టు, ఊరంతా ఒకే పరిశ్రమ. ఈ రెండూ ఒకే రకం తప్పులు.

చెడి బతకొచ్చుగానీ బతికి చెడకూడదంటారు. మనిషికి అన్న మాట ఊరికీ వర్తిస్తుంది. 1950 జనాభా లెక్కల్లో డెట్రాయిట్‌లో 18,49,568 మంది ఉన్నారు. 2020 నాటికి 6,39,111 మంది మిగిలారు. ముగ్గురిలో ఇద్దరు లేరు. కానీ ఊరి విస్తీర్ణం అప్పుడూ ఇప్పుడూ 139 చదరపు మైళ్ళే. మన్‌హాటన్, బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో మూడూ తెచ్చి అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. మనుషులు వెళ్ళేటప్పుడు తమ వాటా రోడ్డు, తమ వాటా మురుగు గొట్టం, తమ వాటా దీపస్తంభం మూటగట్టుకుని వెళ్ళరు. అవన్నీ మిగిలినవాళ్ళ నెత్తిన పడతాయి. బతికి చెడ్డ ఊరిని నడపడంలో కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

ముందు బతికిన రోజుల సంగతి. 1913లో కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాడు. 1914 జనవరిలో రోజుకు అయిదు డాలర్ల కూలీ ప్రకటించాడు. అంతకు పదేళ్ళ ముందే ఈస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీద ప్యాకర్డ్ కార్ల ఫ్యాక్టరీ లేచింది. దాని వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్. ఇనుప కడ్డీలు పెట్టి పోసిన కాంక్రీటు స్తంభాల వల్ల గోడలు బరువు మోయాల్సిన పని తప్పింది. గోడంతా కిటికీలే పెట్టి లోపలికి పగటి వెలుతురు రానిచ్చాడు. చివరికి 35 లక్షల చదరపు అడుగులైంది. 1932-33లో డియేగో రివేరా ఆ ఊరి మ్యూజియం గోడల మీద వేసిన చిత్రాల్లో ఫ్యాక్టరీ పనివాళ్ళ వెన్నుల వంపు, యంత్రాల బరువు ఇప్పటికీ కదులుతున్నట్టే ఉంటాయి.

ఆ ఊరు 1967 జులైలో జరిగిన అల్లర్లతో చెడిందని చాలామంది అనుకుంటారు. 43 మంది ప్రాణాలు పోయిన ఆ అయిదు రోజులు పెద్ద గాయమే, కాదనలేం. కానీ నెత్తురు కారడం అంతకు ఇరవై ఏళ్ళ ముందే మొదలైంది. 1947, 1963 మధ్య నగరంలో 1,34,000 ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. అంతస్తుల ఫ్యాక్టరీలో కారు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరగాలి. యుద్ధం తర్వాత కంపెనీలకు ఒకే అంతస్తులో పొడవుగా సాగే షెడ్డు, పక్కనే పార్కింగు, హైవే కావాల్సి వచ్చాయి. అంత ఖాళీ నేల ఊరి బయటే ఉంది. డెట్రాయిట్‌లో ప్యాకర్డ్ కార్ల తయారీ 1956లో ఆగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద చివరి ట్రామ్ నడిచింది. బాగా నడుస్తున్న ఆ ట్రాములను మెక్సికో నగరానికి అమ్మేశారు. అవి అక్కడ ఏళ్ళ తరబడి జనాన్ని మోశాయి.

ఉద్యోగాల వెంట ఊరి బయటికి ఎవరు వెళ్ళగలిగారు అన్నది ఇంకో కథ. 1930లలో ఇంటి రుణాల కోసం గీసిన పటాల్లో నల్లవాళ్ళుండే పేటలకు ఎర్రరంగు పూశారు. అంటే అక్కడ అప్పు పుట్టదు. 1941లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర, పక్కన తెల్లవాళ్ళ కోసం కట్టే ఇళ్ళకు ప్రభుత్వ పూచీతో రుణం రావాలని, నల్లవాళ్ళ పేటకు అడ్డంగా ఆరడుగుల ఎత్తున, సుమారు అరమైలు గోడ కట్టారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. హేస్టింగ్స్ స్ట్రీట్ అనే వీధి నల్లవాళ్ళ దుకాణాలతో, పాటల క్లబ్బులతో కళకళలాడేది. దాన్ని హైవే కోసం నేలమట్టం చేశారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు అవసరమవుతుంది.

వీధి దీపాల దగ్గరికి వద్దాం. చెడుతున్న ఊరిని అర్థం చేసుకోవాలంటే దీపస్తంభాన్ని మించిన పాఠం లేదు. 1895 నుంచీ ఆ ఊరికి సొంత దీపాల శాఖ ఉంది. మేయర్ హేజన్ పింగ్రీ పట్టుబట్టి పెట్టించింది. పాత దీపాల్లో చాలా భాగం సిరీస్ పద్ధతిలో, దండలో పూలలాగా ఒకే తీగకు గుచ్చినవి. ఇలాంటి వలయంలో మామూలుగా 6.6 ఆంపియర్ల కరెంటు అన్ని దీపాల గుండా వరసగా పోతుంది. ఒక్క బల్బు మాడితే దాన్ని దాటి కరెంటు పోయే ఏర్పాటు ఉంటుంది కాబట్టి మిగతావి వెలుగుతూనే ఉంటాయి. కానీ తీగ ఒక్కచోట తెగితే దండ మొత్తం ఆరిపోతుంది. అరగంట పనికి వచ్చిన రాగి దొంగ రెండు స్తంభాల మధ్య తీగ కోసుకుపోతే నాలుగు వీధులు చీకటి. తెగిన చోటు కనిపెట్టాలంటే వలయాన్ని మధ్యకి విడగొట్టి ఏ సగం బాగుందో చూడాలి, చెడ్డ సగాన్ని మళ్ళీ సగం చేయాలి, అలా చోటు దొరికేదాకా పోవాలి. అప్పటికి సగం సిబ్బంది లేరు. విడిభాగాలు తయారుచేసేవాళ్ళు లేరు. ఈ వీధి బాగుచేసేలోగా ఆ వీధి పోయేది.

2013 నాటికి ఊళ్ళో ఉన్న 88,000 దీపాల్లో దాదాపు 40 శాతం వెలగడం లేదు. డెట్రాయిట్ కడుపులోనే వేరే మునిసిపాలిటీగా ఉన్న హైలాండ్ పార్క్ పరిస్థితి ఇంకా ఘోరం. కరెంటు బిల్లు బకాయి 40 లక్షల డాలర్లకు చేరింది. దాన్ని పరిష్కరించుకోవడానికి 2011లో వెయ్యికి పైగా వీధి దీపాలను స్తంభాలతో సహా పీకించేశారు. ప్రపంచానికి అసెంబ్లీ లైన్ నేర్పిన ఊరు అది. వీధి చివర రాత్రి వంటగది లైటు తప్ప ఇంకేం కనబడకపోతే ముసలివాళ్ళు ఎలా నడుస్తారు, పిల్లలు చీకటితో స్కూలు బస్సు కోసం ఎక్కడ నిలబడతారు?

డెట్రాయిట్ దీన్ని బాగుచేసుకున్న తీరు మెచ్చుకోవాలి. రాష్ట్ర చట్టంతో దీపాలకు వేరే సంస్థ పెట్టారు. 18.5 కోట్ల డాలర్ల ఖర్చుతో 65,000 ఎల్ఈడీ దీపాలు పెట్టారు. 2016 డిసెంబరుకు పని ముగిసింది. 88,000 ఎందుకు పెట్టలేదు? అన్నింటికీ డబ్బూ లేదు, అవసరమూ లేదు. ప్రతి నాలుగురోడ్ల కూడలికీ ఒకటి, రెండు కూడళ్ళ మధ్య 300 అడుగులు దాటితే నడుమ ఇంకొకటి అని లెక్క వేసుకున్నారు. ఇళ్ళ వెనక సందుల్లో దీపాలు మానేశారు. రాగికి బదులు అల్యూమినియం తీగ వేశారు, దొంగకు గిట్టుబాటు కాకుండా. ఇవన్నీ చిన్న నిర్ణయాలు. కానీ ఉన్న జనానికి తగ్గట్టు ఊరిని కొలిచి కుట్టడమంటే అదే. అయినా తిప్పలు తప్పలేదు. వాటిలో సుమారు 20,000 దీపాలు లోపల వేడికి మాడి, కాలం తీరకముందే మసకబారాయి. కొత్తది కొనేటప్పుడు ఏళ్ళ గ్యారంటీ రాయించుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని ఇచ్చినవాడు ఆ రోజుకి నిలబడి ఉంటాడో లేదో చూసుకోవడం అంతే ముఖ్యం.

ఇక ఇళ్ళు. ఖాళీ ఇల్లు ఒక్కసారిగా చావదు. దానికో క్రమం ఉంది. ఆ క్రమం తెలిస్తే ఎక్కడ అడ్డుకోవాలో తెలుస్తుంది.

మొదటి చలికాలమే అసలు గండం. ఆ ప్రాంతంలో నేల 42 అంగుళాల లోతు దాకా గడ్డకడుతుందని లెక్క వేసి పునాదులు, గొట్టాలు వేస్తారు. ఇంట్లో గ్యాస్ ఆగి వెచ్చదనం పోతే గొట్టాల్లో నీరు గడ్డకట్టి 9 శాతం వ్యాకోచిస్తుంది. రాగి గొట్టం చీలుతుంది. గడ్డకట్టి ఉన్నంతకాలం ఏమీ తెలియదు. మార్చిలో మంచు కరిగాక నీళ్ళు నేలమాళిగను నింపుతాయి, గోడలకు బూజు పాకుతుంది. దీన్ని తప్పించడం ఒక పూట పని. వీధి దగ్గర భూమిలో ఉండే వాల్వు కట్టేయాలి. ఇంట్లో ఒట్టి మీటరు దగ్గర కడితే చాలదు. అన్నింటికంటే కింద ఉన్న కుళాయి, అన్నింటికంటే పైన ఉన్న కుళాయి రెండూ తెరిచి నీరు దించాలి. నీళ్ళు కాచే ట్యాంకు ఖాళీ చేయాలి. కంప్రెసర్‌తో గొట్టాల్లో మిగిలిన నీటిని ఊదేయాలి. సింకుల కింద వంపుల్లో, టాయిలెట్ గిన్నెలో విషం లేని యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పోయాలి. ఆ వంపులు ఎండిపోతే మురుగు గొట్టంలో వాయువు ఇంట్లోకి వస్తుంది. జప్తు నోటీసు పట్టుకుని కంటతడితో వెళ్ళిపోయే కుటుంబం ఇదంతా చేయదు. జప్తు చేసుకున్న బ్యాంకు చేయాలి. చాలాసార్లు చేయలేదు.

రెండో గండం పాత లోహం ఏరుకునేవాళ్ళు. ముందు రాగి గొట్టాలు, తర్వాత ఇంటిని వెచ్చబరిచే కొలిమి, వేడినీటి ట్యాంకు, గోడలకు తాపిన అల్యూమినియం రేకులు, చివరికి చూరు కింద వాన నీళ్ళు పోయే తొట్లు. నీళ్ళు ఆపకుండా గొట్టం కోస్తారు కాబట్టి ఆ ఇంట్లో నీళ్ళు రోజుల తరబడి పారుతూనే ఉంటాయి. ఎవరూ బిల్లు కట్టని ఆ నీరంతా మిగిలిన ఇళ్ళ లెక్కలో పడుతుంది. తొట్టి పోయాక వాన నీరు చూరు చెక్కల్లోకి దిగుతుంది. నాలుగైదేళ్ళలో కప్పు వంగుతుంది. ఆ తర్వాత ఎవరో నిప్పు పెడతారు, లేదా దానంతటదే కూలుతుంది. అప్పటికి పక్క ఇంటి విలువ, దాని పక్కింటి నిద్ర కూడా పోయి ఉంటాయి.

కిటికీలకు ప్లైవుడ్ కొట్టేటప్పుడు బయటి నుంచి మేకులు కొడితే మీటతో అర నిమిషంలో ఊడదీస్తారు. సరైన పద్ధతి వేరు. లోపలి వైపు చట్రానికి అడ్డంగా రెండు చెక్క దుంగలు పెట్టి, బయటి ప్లైవుడ్ నుంచి ఆ దుంగల దాకా గుండు తల బోల్టులు దూర్చి, నట్లు లోపల బిగించాలి. బయట పట్టుకోవడానికి అంచు దొరకదు. అయినా ప్లైవుడ్ కనబడితే చాలు, ఇక్కడ ఎవరూ లేరని ఊరంతటికీ చాటినట్టే. అందుకే చాలాచోట్ల పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పలకలు వాడడం మొదలుపెట్టారు. వీధిలోంచి చూస్తే అద్దాల కిటికీలాగే ఉంటాయి.

2013 చివర్లో, 2014 మొదట్లో జనం బృందాలుగా టాబ్లెట్లు పట్టుకుని చలిలో వీధి వీధీ తిరిగి సుమారు 3,80,000 స్థలాలను ఫోటోలు తీసి నమోదు చేశారు. అందులో 84,641 శిథిలమైనవో, అటువైపు జారుతున్నవో అని తేలింది. అంతవరకు ఊళ్ళో ఎన్ని ఇళ్ళు పాడుబడ్డాయో సరైన లెక్కే లేదు. పాలనలో అన్నింటికంటే తక్కువ మెప్పు దొరికే పని ఇలాంటి జాబితా తయారుచేయడం. అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడేదీ అదే.

ఇల్లు కూల్చడం చూసేవాళ్ళకి ఒక్క పూట పని. నిజానికి వారాల పని. ముందు ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ నార ఉందేమో పరీక్షించాలి. కొలిమి గొట్టాల చుట్టలో, నేల పలకల్లో ఉంటుంది. ఉంటే శిక్షణ పొందినవాళ్ళతో తీయించాలి. పది పనిదినాల ముందు అధికారులకు నోటీసు ఇవ్వాలి. గ్యాస్, కరెంటు, నీళ్ళు కోయించాలి. మురుగు గొట్టాన్ని స్థలం హద్దు దగ్గర బిరడా వేసి మూయాలి. ఇది మరిచిపోతే గుంతలో నింపిన మట్టి కొంచెం కొంచెంగా గొట్టంలోకి జారి, రెండేళ్ళ తర్వాత గడ్డి మధ్యలో నేల కుంగుతుంది. కూల్చేటప్పుడు ఆసాంతం నీళ్ళు చల్లుతూ ఉండాలి, ఎందుకంటే 1978కి ముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పక్కింటి పిల్లల చేతులకు అంటుతుంది. పునాది, నేలమాళిగ గచ్చు తీసేయాలి. గుంత తెరిచి ఉండగానే ఇన్స్పెక్టరు వచ్చి చూడాలి. మోసం జరిగేది అక్కడే. చెత్త తోలే ఖర్చు తప్పించుకోవడానికి కాంట్రాక్టరు ఇటుక ముక్కలు, చెక్కలు అందులోనే పూడ్చేసి పైన మట్టి పరుస్తాడు. నింపే మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగాలి. అడగకపోతే ఏ పాత పారిశ్రామిక స్థలం మట్టో వచ్చి పడుతుంది.

ఇన్ని ఇళ్ళు ఎలా ఖాళీ అయ్యాయంటే పన్నుల సంగతి చెప్పుకోవాలి. మిషిగన్‌లో ఇంటి మార్కెట్ విలువలో సగం మీద పన్ను లెక్కకడతారు. 2008 తర్వాత డెట్రాయిట్‌లో ఇళ్ళ ధరలు పాతాళానికి పోయాయి, కానీ పన్ను లెక్కలో విలువలు ఏళ్ళ తరబడి అంతగా దిగలేదు. సిబ్బంది లేక ఇంటింటి మదింపు జరగలేదు. దాంతో అతి తక్కువ విలువ ఉన్న ఇళ్ళకు ఏడాదికి వేల డాలర్ల పన్ను వచ్చేది. 2012 పన్ను కట్టలేదనుకోండి. 2013 మార్చి 1న బకాయి కౌంటీ (మన జిల్లా లాంటిది) చేతికి పోతుంది, నెలకు 1 శాతం వడ్డీ మొదలు. 2014 మార్చి 1న ఇల్లు కౌంటీ జప్తు జాబితాలోకి వెళుతుంది, వడ్డీ 1.5 శాతానికి ఎక్కుతుంది. 2015 మార్చి 31న ఇల్లే పోతుంది. సెప్టెంబరు వేలంలో బకాయి మొత్తమే కనీస పాట. ఎవరూ పాడకపోతే అక్టోబరు వేలంలో 500 డాలర్లు. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్ళు కంప్యూటర్లో చూసి పదుల లెక్కన కొని, అద్దెకిచ్చి, పన్ను కట్టకుండా మూడేళ్ళు పిండుకుని వదిలేసేవాళ్ళు. ఇల్లు మళ్ళీ వేలానికి వచ్చేది. పేదవాళ్ళకు పన్ను మినహాయింపు ఉండేది, కానీ ఏటా దరఖాస్తు పెట్టాలి, కాగితాలు జతచేయాలి. ఆ మాట గడప గడపకీ వెళ్ళి చెప్పినవాళ్ళు తక్కువ. ఆ మినహాయింపుకు అర్హులై ఉండి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ గుండె మండుతుంది.

మరో చిక్కు ఉంది. 1994లో వచ్చిన ప్రపోజల్ ఎ అనే రాష్ట్ర పన్ను సవరణ ప్రకారం, ఇల్లు చేతులు మారనంతకాలం దాని పన్ను విలువ ఏటా ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతే పెరుగుతుంది. ఇంటివాళ్ళకు మంచి రక్షణే. కానీ మదింపు సరిగా జరిగితే ధరలతో పాటే పడి, అవి లేచినప్పుడు నెమ్మదిగా లేచే పన్నుతో ఊరి ఖజానా ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. అందుకే ఊరు ఆదాయపు పన్నును నమ్ముకుంది. నివాసులకు 2.4 శాతం, బయటి నుంచి పనికి వచ్చేవాళ్ళకు 1.2 శాతం. 1999 నుంచి జూదశాలల పన్ను తోడైంది. పక్క ఊళ్ళో నగరపు ఆదాయపు పన్ను లేకపోతే, కాస్త సంపాదన ఉన్న కుటుంబం ఎటు చూస్తుందో చెప్పనక్కరలేదు.

నీళ్ళ గొట్టాల కథ ఇంకా లోతైనది. 18 లక్షల మందికి వేసిన గొట్టంలో 6 లక్షల మందికి నీళ్ళు పారితే ఖర్చు తగ్గుతుందనుకుంటాం. తగ్గదు. గొట్టంలో నీరు రోజుల కొద్దీ నిలవ ఉంటుంది, క్లోరిన్ బలం పోతుంది. వీధి చివర హైడ్రంట్లు (మంటలార్పడానికి పెట్టిన పెద్ద కుళాయిలు) తెరిచి ఆ నీటిని వృథాగా వదలాలి. సన్న గొట్టం వేద్దామంటే మంటలార్పే నీటికి కనీసం ఆరు, ఎనిమిది అంగుళాల గొట్టం ఉండాలి. పోనీ వీధినే మూసేద్దామంటే ముప్ఫై ఇళ్ళ వీధిలో ఇంకా రెండు ఇళ్ళలో దీపం వెలుగుతోంది.

ఆ రెండు ఇళ్ళవాళ్ళను జనం ఉన్న పేటకు మార్చొచ్చు కదా అని కాగితం మీద ప్రణాళిక వేసేవాళ్ళు అంటారు. ఒహైయోలో యంగ్స్‌టౌన్ ఈ ఆలోచన ముందు చేసింది. 1977 సెప్టెంబరు 19న అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ మూత ప్రకటించిన రోజును ఆ ఊరివాళ్ళు నల్ల సోమవారమంటారు. 1930లో 1,70,000 ఉన్న జనాభా 2020కి 60,000కు పడింది. మేము ఇక చిన్న ఊరిమేనని 2005లో అధికారికంగా ఒప్పుకున్న ధైర్యం వాళ్ళది. డెట్రాయిట్‌లోనూ 2013లో అలాంటి పెద్ద ప్రణాళిక వచ్చింది. కానీ జనం కదలరు. కదలకపోవడం మొండితనం కాదు. ఇంటి అప్పు తీరిపోయింది, అమ్మితే చేతికి వచ్చే డబ్బుతో ఇంకోచోట గది కూడా రాదు. పైగా హేస్టింగ్స్ స్ట్రీట్ జ్ఞాపకం ఉంది. ఊరి మేలు కోసం మీరు లేవండి అన్న మాట వాళ్ళ తాతలు ఒకసారి విన్నారు. ఆ నమ్మకం తిరిగి సంపాదించకుండా ఎంత మంచి పటం గీసినా పనికిరాదు.

గొట్టాల విషయంలో పొదుపు ఎంత దూరం పోతుందో ఫ్లింట్ చూపించింది. రాష్ట్రం నియమించిన మేనేజర్ చేతిలో ఉన్న ఆ ఊరు ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్ 25న డెట్రాయిట్ నీటిని మానేసి ఫ్లింట్ నది నీటికి మారింది. నది నీటిలో క్లోరైడ్ ఎక్కువ. పాత గొట్టాల లోపలి పూతను కాపాడే ఫాస్ఫేటు కలపలేదు. ఆ పూత కరిగి సీసం కుళాయిల్లోకి వచ్చింది. ఆ అక్టోబరుకే జనరల్ మోటార్స్ ఇంజన్ ఫ్యాక్టరీ, విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీళ్ళు మానేసింది. ఇంజను తాగని నీళ్ళు పసిపిల్లలు ఇంకో ఏడాది తాగారు. 2015 అక్టోబరు 16న గానీ మళ్ళీ పాత నీటికి మారలేదు.

పాత ఊళ్ళలో ఉండేవాళ్ళు తమ ఇంటి గొట్టం సీసమో కాదో తామే చూసుకోవచ్చు. నేలమాళిగలో గోడలోంచి మీటరు దాకా వచ్చే గొట్టాన్ని నాణెంతో గీకండి. మెత్తగా గీతపడి వెండిలా మెరిస్తే, అయస్కాంతం అంటకపోతే అది సీసం. అయస్కాంతం అంటితే ఇనుము. గీకితే రాగి పైసా రంగు వస్తే రాగి. పరీక్షకు నీళ్ళు పట్టాలంటే ఆరు గంటలు కుళాయి విప్పకుండా ఉంచి మొదటి లీటరు పట్టాలి. మరిగిస్తే సీసం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వంటకి, పాలు కలపడానికి చల్లనీళ్ళ కుళాయి నీరే వాడాలి.

ఇక దివాలా. 2013 జులై 18న సుమారు 1,800 కోట్ల డాలర్ల బాకీలతో డెట్రాయిట్ కోర్టుకెక్కింది. అమెరికాలో అంత పెద్ద నగర దివాలా అంతకు ముందు లేదు. పనిచేసేవాళ్ళు పదివేల లోపు, పింఛనుదారులు ఇరవై వేల పైచిలుకు. ఒకప్పుడు చీపురు పట్టినవాళ్ళకి, మంటలార్పినవాళ్ళకి ఇచ్చిన మాట అది, దాన్ని భారమనడానికి నోరు రాదు. తప్పు వేరే చోట జరిగింది. పింఛను నిధి ఏటా దాదాపు 8 శాతం రాబడి తెస్తుందని ఊహించుకున్నారు. రాబడి ఎక్కువ వచ్చిన ఏళ్ళలో మిగులును దాచకుండా పదమూడో నెల చెక్కుగా పంచారు. 2005-06లో పింఛను లోటు పూడ్చడానికి 140 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చి, దానికి వడ్డీ రేట్ల పందెం లాంటి ఒప్పందాలు తగిలించారు. రేట్లు పడ్డాయి, పందెం తిరగబడింది. చివరికి జూదశాలల పన్నును తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో అగ్నిమాపక కేంద్రాల్లో ఒక ఏర్పాటు ఉండేది. అలారం వ్యవస్థ చెడిపోతే ప్రింటరు అంచున ఒక సోడా డబ్బా పెట్టి, అందులో నాణేలు, మరలు వేసేవాళ్ళు. మంట కబురు కాగితం బయటికొస్తే డబ్బాను నెట్టేది, ఆ చప్పుడుకు మనుషులు లేచి పరుగెత్తేవాళ్ళు. ఊరు తమకు ఏమీ ఇవ్వలేని రోజున కూడా అంత శ్రద్ధగా ఆ డబ్బాను సరైన చోట నిలబెట్టినవాళ్ళే ఆ ఊరిని కాపాడారు.

అప్పులవాళ్ళ కన్ను మ్యూజియం మీద, రివేరా గోడల పక్కన వేలాడే బొమ్మల మీద పడింది. అమ్మితే కోట్లు వస్తాయి. ఫౌండేషన్లు, రాష్ట్రం, మ్యూజియం దాతలు కలిసి సుమారు 80 కోట్ల డాలర్లు పోగుచేసి పింఛన్లకు ఇచ్చారు, బదులుగా బొమ్మలు ఊరి చేతిలోనుంచి ఒక ట్రస్టు రక్షణలోకి వెళ్ళాయి. అయినా సాధారణ ఉద్యోగుల పింఛను 4.5 శాతం తగ్గింది, ధరలతో పాటు పెరగడం ఆగింది, ఆరోగ్య బీమాలో చాలా భాగం పోయింది. 2014 డిసెంబరు 10న దివాలా ముగిసింది. 2023లో జనాభా అంచనా చాలా దశాబ్దాల తర్వాత మొదటిసారి కొద్దిగా పెరిగింది.

కూల్చిన ఇళ్ళ చోట ఇప్పుడు గడ్డి. పక్క ఇంటివాళ్ళు 100 డాలర్లు కట్టి, ఊరి ఖాళీ స్థలాలను చూసుకునే ల్యాండ్ బ్యాంక్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి ఆ ఖాళీ స్థలం కొనుక్కోవచ్చు. కూరగాయలు వేసేవాళ్ళు ముందు మట్టి పరీక్ష చేయించాలి. ఎనిమిది పది చోట్ల పై ఆరు అంగుళాల మట్టి తీసి కలిపి పంపాలి. పాత గోడ ఉన్న చోట, చూరు నీళ్ళు పడిన గీత వెంట సీసం ఎక్కువగా ఉంటుంది. ఆందోళనగా ఉంటే అడుగు ఎత్తు చెక్క మడులు కట్టి, కింద గుడ్డ పరిచి, బయటి మట్టి పోసుకోవడం మేలు. ఆ ఊరికి ఇది కొత్త కాదు. 1890ల మాంద్యంలో వీధి దీపాల పింగ్రీయే ఖాళీ స్థలాలను పనిలేనివాళ్ళకు బంగాళాదుంపలు పండించుకోమని ఇప్పించాడు.

మిషిగన్ సెంట్రల్ స్టేషన్ 1913లో తెరిచారు. చివరి రైలు 1988 జనవరిలో వెళ్ళిపోయింది. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆ కట్టడంలో విప్పగలిగినదల్లా విప్పి పట్టుకుపోయారు. రాగి, ఇత్తడి, దీపాలు, గడియారాలు, చెక్కిన రాళ్ళు. 2018లో ఫోర్డ్ కంపెనీ దాన్ని కొని బాగుచేస్తానని ప్రకటించాక పేరు చెప్పని ఒకరి నుంచి కబురు వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా కనబడని స్టేషన్ గడియారాన్ని ఒక కాలిపోయిన భవనం గోడకు ఆనించి పెట్టానని, వెంటనే ఇద్దరు మనుషులను ఒక ట్రక్కు ఇచ్చి పంపమని, అది ఇంటికి వెళ్ళడానికి సిద్ధంగా ఉందని. ఆ గడియారమన్నా ఆ స్టేషనన్నా తనకు ప్రాణమని కూడా చెప్పారట. మనుషులు వెళ్ళారు. గడియారం అక్కడే ఉంది.